మేనత్త చెప్పిన సంగతులు, తడిసిన ఛాయాచిత్రాలు

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా అన్నగారిది నేల అంతస్తు ఇల్లు. 2024 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారుజామున బుడమేరు నీరు వీధిలోకి వచ్చింది. ఫజ్ర్ నమాజు ముగిసేసరికి గడప దాటింది. ఇంటివారు చేతికందిన వాటిని పై అంతస్తుకు చేర్చారు. మొదట ఖుర్ఆన్ ప్రతులు, తర్వాత ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, వదినగారి మందులు, రెండు బియ్యం సంచులు. మంచం క్రింద ఉన్న ట్రంకు పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. నడుములోతు నీటిలో నిలబడినవారికి అది గుర్తు రావలసిందని మేము అనము.

ఎనిమిదవ నాడు బురద తీయడానికి మేమందరమూ వెళ్ళాము. ఫ్రిజ్జు, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ వీధిలో కుప్పగా పడ్డాయి. ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్ళకు 25,000 రూపాయల సహాయం ప్రకటించింది. పోయిన వస్తువుల పేర్లు ఇంట్లో ఒక్కొక్కరే చెప్పుకుంటూ ఉండగా మా అన్నగారు ట్రంకు పెట్టె మూత ఎత్తి అక్కడే కూర్చుండిపోయారు. అందులో మా అమ్మానాన్నల నికాహ్‌నామా ఉన్నది. నాన్నగారు చేయించిన ఒక ఆల్బం, అద్దం బిగించిన రెండు పటాలు, నెగటివ్‌ల కవరు ఒకటి ఉన్నాయి. అన్నీ ఒకే ముద్దగా, బురద రంగుతో ఉన్నాయి. ఏ సహాయపు లెక్కలోనూ ఆ పెట్టెకు చోటు లేదు.

ఈ శీర్షికలో సాధారణంగా పిల్లల పెంపకం గురించీ, బంధుత్వ హక్కుల గురించీ వ్రాస్తూ ఉంటాము. ఈ నెల మా ఇంటి సంగతి వ్రాస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని ఆ వారమే తెలిసింది. రాజరాజేశ్వరీపేట నుంచి, నున్న వైపు నుంచి వచ్చిన బంధువులు కూడ ఇదే మాట చెప్పారు. సామాను మళ్ళీ కొనుక్కుంటామనీ, అబ్బాజాన్ ఫోటో ఒక్కటే ఉండేదనీ అన్నారు.

మేము చేసిన తప్పులు ముందుగా చెప్పుకుంటే ఇంకొకరికి పనికివస్తాయి. మొదటి తప్పు, ఆల్బంను అలాగే డాబా మీద ఎండలో పెట్టడం. ఛాయాచిత్రం పైపొర జెలటిన్‌తో చేసినది. నీటిలో అది ఉబ్బి మెత్తబడుతుంది. ఆ స్థితిలో ఎండబెడితే ఎదుటి కాగితానికో, అద్దానికో, పైనున్న ప్లాస్టిక్ పొరకో జిగురులా అతుక్కుపోతుంది. తర్వాత లాగితే ముఖం ఊడివస్తుంది. మా ఆల్బం, పుటల మీద జిగురు గీతలు ఉండి పైన ప్లాస్టిక్ పొర కప్పే రకం. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ గొప్పగా కొన్న ఆల్బం అదే. వరద లేకున్నా ఆ జిగురే కొన్నేళ్ళకు ఫోటోలను పసుపు చేస్తుంది. చేయవలసినది ఎండబెట్టడం కాదు. తడిసినవాటిని తడిగా ఉండగానే శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి, ఒకదాని నుంచి ఒకటి నిదానంగా విడదీసి, బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకొని కడగాలి. తెల్లని నూలు గుడ్డ మీద బొమ్మ పైకి ఉండేటట్లు పరచి, నీడలో గాలికి ఆరనివ్వాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది కనుక, అంతలో తీరిక దొరకనివారు వాటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నీరు మునగని ఇంటిలోని ఫ్రీజరులో ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా తీసి పని చేసుకోవచ్చు. అద్దానికి అతుక్కున్న పటాన్ని లాగనే కూడదు. అద్దంతో సహా, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో ఫోటో తీసుకోవాలి.

రెండవ తప్పు ఇంకా పెద్దది. మిగిలిన వాటిలో బాగున్న ఒక రంగు ఫోటోను భద్రపరచాలన్న ఆత్రంతో లామినేషన్‌కు ఇచ్చాము. లోపల ఇంకా తేమ ఉన్నది. ఆ వేడికి మా అమ్మగారి ముఖం ఉన్న చోట తెల్లని మచ్చ ఏర్పడింది. ఇప్పుడు అది తీయడానికీ వీలులేదు, చూడడానికీ మనసు రాదు. ఇచ్చింది మేమే కనుక ఆ దుకాణం వారిని అనవలసినది లేదు.

విచిత్రమేమంటే, అన్నిటికన్నా పాతదే బాగా నిలిచింది. అది నలుపు తెలుపు ఫోటో, మందపాటి అట్టకు అతికించినది. అట్ట పొరలు పొరలుగా విడిపోయింది గాని బొమ్మ చెడలేదు. కుర్చీలో మా తాతగారు కూర్చున్నారు. తెల్ల పంచె, నల్ల కోటు (అది స్టూడియో కోటు అని తర్వాత తెలిసింది). కుడి వైపు పదేళ్ళ కుర్రవాడు మా నాన్నగారు. ఎడమ వైపు రెండు జడలతో మా మేనత్త. మాది ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం గనుక ఫుప్పమ్మ అనము, అత్తయ్య అనే పిలుస్తాము. తాతగారి మోకాలికి ఆనుకొని టోపీ పెట్టుకున్న ఇంకొక చిన్న పిల్లవాడు ఉన్నాడు. నాలుగైదేళ్ళు ఉండవచ్చు. అతడెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా చిన్నాన్నగారు అప్పటికి పుట్టలేదు.

ఆ ఫోటో పట్టుకొని పామర్రు దగ్గర ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళాము. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. చూపు తగ్గింది గాని జ్ఞాపకం తగ్గలేదు. ఫోన్‌ను ఆమె దగ్గరగా, దిండు మీద పెట్టి రికార్డు చేశాము. ఫంకా ఆపమని మా అన్న కూతురు ముందే చెప్పింది. లేకుంటే గాలి హోరే తప్ప మాట వినిపించేది కాదు.

మేము ప్రశ్నల పట్టిక వ్రాసుకొని వెళ్ళాము. మీ నాన్నగారు ఏ సంవత్సరంలో పుట్టారు, మన పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు వంటివి. ఆమె ఒక్కదానికీ జవాబివ్వలేదు. "నాకేం తెలుసు నాయనా, కాగితాలు చూసేవాళ్ళా మేము?" అన్నది. ఫోటో చేతికిచ్చాక మాట దానంతట అదే మొదలయింది. ఆ రోజు గూడు బండిలో బెజవాడ వెళ్ళామని, కృష్ణలో కొత్త ఆనకట్టకు స్తంభాలు లేస్తుంటే నాన్న బండి ఆపి చూపించాడని, స్టూడియో వాడు తన జడకు కాగితపు పువ్వు పెట్టాడని చెప్పింది. ఫోటోకు తేదీ ఆ మాటలోనే దొరికింది. ప్రకాశం బ్యారేజీ నిర్మాణం 1954లో మొదలై 1957లో పూర్తయింది. ఫోటో ఆ మధ్యకాలానిది. అట్ట వెనుక ముద్రలో ఊరి పేరు బెజవాడ అనే ఉన్నది.

కృష్ణా డెల్టాలో పెద్దలు కాలాన్ని సంవత్సరాలతో చెప్పరు, నీటితో చెబుతారు. ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత అంటారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పుష్కరాల ఏడు అంటే 1980, 1992, 2004, 2016లలో ఏదో ఒకటి. ముస్లిం ఇళ్ళలో కూడ ఈ లెక్క నడుస్తుంది, పొలమూ కాలువా అందరివీ కనుక. పెద్దమ్మ పెళ్ళి ఉప్పెన వచ్చిన మరుసటి రంజాన్ తర్వాత జరిగిందని ఎవరైనా అంటే, దానిని 1978గా లెక్క కట్టవచ్చు. కాగితాలు కూడ ఇటువంటి ఆనవాళ్ళే ఇస్తాయి. స్టాంపు కాగితం మీద రాజుగారి బొమ్మ ఉంటే అది ఆంగ్లేయుల కాలం నాటిది. చిరునామాలో మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరుకు ముందుది. కృష్ణా జిల్లా, విజయవాడ అని ఉన్న ధృవపత్రాలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అని వస్తున్నాయి. మన మనుమలు రేపు మన కాగితాలను అలాగే చదువుకుంటారు.

రెండవసారి వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా ఇంట్లో పరంపరగా వస్తున్న మాట, తాతగారు ప్రత్తి వ్యాపారి అని. మేనత్త నవ్వింది. "వ్యాపారమా? విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు" అన్నది. పామర్రు, కంకిపాడు, ఉయ్యూరు, కాలువ గట్ల వెంబడి నడక. వరి పండే డెల్టాలో ప్రత్తి పండదు. అక్కడ దూది ఏకేవాని పని పాత పరుపులతో, బొంతలతో, బూరుగు దూది దిండ్లతో. కోతలు అయి చేతిలో డబ్బు ఆడే రోజుల్లో, పెళ్ళిళ్ళకు ముందు, పని ఎక్కువగా ఉండేదట. విల్లుకు కట్టిన నరాన్ని కొయ్యతో కొడుతుంటే వచ్చే మోత విని వీధిలోని పిల్లలు చేరేవారట. సాయంత్రానికి ఆయన కనుబొమ్మలూ గడ్డమూ తెల్లగా ఉండేవట. ఇంట్లోకి వచ్చేముందు బావి దగ్గర నిలబడి దులుపుకొని, ఊదు చేసుకొని, మగ్రిబ్‌కు నిలబడేవాడట. దగ్గు ఆయనను చివరి వరకు వదలలేదట. ఆ దగ్గు ఎందుకో మాకు ఆనాడే తెలిసింది. ఇంతకాలం అది బీడీల వల్ల అనుకున్నాము, ఆయన బీడీ ముట్టనే లేదు.

ఈ రికార్డింగు విన్న మా చిన్నాన్నగారు కోపగించుకున్నారు. ఆయన మంచి మనిషి, ఐదు పూటలా నమాజు తప్పనివారు. అయినా ఆ భాగం తీసివేయమన్నారు. మనుమరాలికి సంబంధాలు చూస్తున్నారు. ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్నలలో "మీరు ఏమిట్లు?" అనేది ఒకటి. షేకులమంటే ఒక తీరు, దూదేకులవారమంటే మరొక తీరు. ఈ ప్రశ్న అడిగేవారు కూడ మస్జిదులో మన ప్రక్క సఫ్ఫులో నిలబడేవారే. ఇది వ్రాయడానికి మాకు సంకోచంగా ఉన్నది, కాని తెలియనివారు ఎవరు? విద్యాలయంలో సీటు కోసం దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని బీసీ-బి జాబితాలో ఉన్న పేరుతో ధృవపత్రం తెచ్చుకుంటాము. పెళ్ళి పత్రిక మీద ఆ పేరును దాచుకుంటాము.

ఆయనతో వాదించలేదు. ఒక పేరు మాత్రం చెప్పాము. బస్రాకు చెందిన యహ్యా బిన్ సయీద్ అల్-ఖత్తాన్ (రహ్మతుల్లాహి అలైహి) హదీసు ఉల్లేఖకులను తూకం వేసిన మహా పండితులలో ఒకరు. ఖత్తాన్ అంటే ప్రత్తివాడు. హనఫీ ఫిఖ్హ్ పండితులలో ఒకరి పేరు అల్-ఖస్సాఫ్, అంటే చెప్పులు కుట్టేవాడు. ఇంకొకరు అల్-జస్సాస్, సున్నపు పనివాడు. వృత్తి పేరును వారు గ్రంథాల మీద నుంచి తీసివేయించుకోలేదు. వెయ్యేళ్ళ తర్వాత మన మద్రసాలలో విద్యార్థులు ఆ పేర్లతోనే వారిని గౌరవంగా తలచుకుంటున్నారు. అరబీలో దూది ఏకేవానిని నద్దాఫ్ అంటారు. మన లద్దాఫ్‌కు అది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే తిన్నారని దైవప్రవక్త (స) తెలియజేశారు. జకరియ్యా ప్రవక్త (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉన్నది. తాతగారి విల్లు ఎందుకు తక్కువయింది?

వంశవృక్షం వ్రాయడమంటే చాలామంది అరబ్బు దేశం నుంచి మొదలుపెడతారు. బందరు ఓడరేవులో దిగినవారమని, గోల్కొండ సుల్తానుల సైన్యంతో వచ్చినవారమని అంటారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. అక్కడి నుంచి ఎర్రసముద్రం వైపు వెళ్ళిన ఓడలలో హజ్ యాత్రికులు కూడ వెళ్ళారు. అయితే నాలుగవ తరం తాత పేరు తెలియని ఇంట్లో పద్నాలుగవ తరం వరకు పేర్లు ఎలా వచ్చాయని అడగవలసి ఉంటుంది. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో, జాతులుగా తెగలుగా చేయడం పరస్పరం గుర్తించుకోవడానికని, అల్లాహ్ వద్ద గౌరవం భక్తిని బట్టి అని స్పష్టంగా ఉన్నది. వంశాన్ని తెలుసుకోమని కూడ ధర్మం చెప్పింది. తిర్మిజీలో అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉన్నది. బంధుత్వాన్ని కలుపుకొని ఉండడానికి అవసరమైనంత మేరకు వంశాలను తెలుసుకోవాలన్నది దాని సారాంశం. ఎంతవరకు, ఎందుకు అన్న రెండు హద్దులూ అందులోనే ఉన్నాయి. ఎవరు మనకు ఏమవుతారో తెలియనివాడు ఎవరి హక్కు నెరవేరుస్తాడు?

ఇంకొక విషయంలో కూడ మన విద్యా సంప్రదాయం దారి చూపుతుంది. హదీసు పండితులు మాటను మాత్రమే వ్రాయలేదు, ఎవరు ఎవరి నుంచి విన్నారో కూడ వ్రాశారు. ఇంటి చరిత్రకు అంత కఠినమైన నియమాలు అక్కరలేదు గాని ఆ అలవాటు కావాలి. మా నోటు పుస్తకంలో ఇప్పుడు ప్రతి సంగతి క్రింద, చెప్పినది ఎవరు, ఆమె స్వయంగా చూసినదా విన్నదా, విన్నదైతే ఎవరి నోట, మేము వ్రాసుకున్నది ఏ తేదీన, అని నమోదు చేస్తున్నాము. తాతగారి వృత్తి మేనత్త కళ్ళారా చూసినది. ఆయన ప్రత్తి వ్యాపారి అన్న మాట ఎక్కడ పుట్టిందో వెదికితే, చిన్నాన్నగారి ఉద్యోగపు రోజుల దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండూ వ్రాశాము. ఏది తీసివేయలేదు.

మా అమ్మగారి వైపున ఒక కథ ఉన్నది, ముత్తాత బెజవాడలో గాంధీజీని చూశారని. అఖిల భారత కాంగ్రెసు సంఘం 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమయింది, గాంధీజీ వచ్చారు. ఖిలాఫత్ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు అవి. అయితే గాంధీజీ తర్వాత కూడ ఈ ప్రాంతానికి వచ్చారు. ముత్తాత చూసింది ఏ పర్యాయమో చెప్పడానికి మా వద్ద ఆధారం లేదు. కనుక "బెజవాడలో చూశారు" అని మాత్రమే వ్రాశాము. పిల్లలు కొంత నిరాశపడ్డారు. ఇటువంటి ఇంటి మాటలనూ ఇంటి ఫోటోలనూ నిలబెట్టడం ఎంత శ్రమో సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి కృషి చూస్తే తెలుస్తుంది. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ముస్లింల గురించి, ముస్లిం మహిళల గురించి ఆయన తెలుగులో పుస్తకాలు వ్రాశారు. 2010లో వచ్చిన ఆయన ‘అక్షర శిల్పులు’లో 333 మంది తెలుగు ముస్లిం కవుల, రచయితల వివరాలు చేర్చారు. ఇటువంటి గ్రంథానికి ఎవరో ఒకరు ఇంటింటి వివరమూ అడగాలి, ఎవరింట్లోనో ఒక పెట్టె తెరుచుకోవాలి.

ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాన్ని మేము ఇక్కడ ప్రస్తావించి తీర్పు చెప్పబోము. మా ఇంట్లో వాటిని గోడకు పెట్టము, పెట్టెలో ఉంచుతాము. అసలు ఫోటోయే తీయించుకోని పెద్దలు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు, ముఖ్యంగా స్త్రీలు. పైన చెప్పిన ఫోటోలో మా నాన్నమ్మ లేదు. స్టూడియోకు రానన్నదట. గూడు బండిలోనే కూర్చున్నదట. 1993లో ఎన్నికల సంఘం ఫోటో ఉన్న ఓటరు కార్డులు తప్పనిసరి చేయాలని నిర్ణయించిన తర్వాత, పాఠశాల వరండాలో వరుసగా కూర్చోబెట్టి తీసిన ఫోటో ఒక్కటే ఆమెది. బొటనవ్రేలంత ఉంటుంది, తల మీద కొంగు, ముఖంలో చిరాకు. ఎందరో నానమ్మల, అమ్మమ్మల ఏకైక చిత్రం ఈ ఓటరు కార్డే. చనిపోయాక దానిని తిరిగి ఇచ్చివేసినవారు, పారవేసినవారు ఎందరో. ఆ కార్డు ఉంటే జాగ్రత్త చేయండి.

నాన్నమ్మ గురించి మేనత్త చెప్పినంత ఏ ఫోటో చెప్పగలిగేది కాదు. ఏకిన దూదిలో ఎగిరిపోయే నూగును ప్రోగుచేసి చిన్న దిండ్లు కుట్టేదట. అవి బాలింతలకు ఊరికే ఇచ్చేదట, ఏ కులం ఇల్లయినా సరే. ఇఫ్తారుకు పెసరపప్పు నానబెట్టి అందులో కొబ్బరి ముక్కలు వేసేదట. ఇప్పుడు మా ఇంట్లో ఈ రంజాన్‌కు అలాగే చేశారు. తినడానికి మామూలుగానే ఉన్నది. పిల్లలు మాత్రం ఆమె పేరు అడిగారు. అప్పటివరకు ఎవరూ అడగలేదు.

స్త్రీల చిత్రాల గురించి ఇంకొక మాట. కుటుంబపు వాట్సాప్ గ్రూపులో మా పిల్లవాడొకడు పాత ఫోటోలన్నీ ఒకేసారి పెట్టాడు. అందులో పర్దా పాటించే ఒక పిన్నమ్మ చిన్ననాటి పెళ్ళి ఫోటో ఉన్నది. ఆమె బాధపడింది. గ్రూపులో ఎనభై మంది ఉన్నారు, ఆ ఎనభై ఫోన్లూ ఎవరెవరి చేతుల్లో ఉంటాయో తెలియదు. తొలగించి క్షమాపణ చెప్పాము. బ్రతికి ఉన్నవారి చిత్రానికి వారి అనుమతి కావాలి. భద్రపరచడానికీ పంచిపెట్టడానికీ చాలా తేడా ఉన్నది.

పాత సంగతులు అడిగితే కొందరు పెద్దలు ముఖం ప్రక్కకు తిప్పుకుంటారు. మేము మొదట అది మరుపు అనుకున్నాము. మా బంధువుల ఇంట్లో ఒక అవ్వ చెబుతూ చెబుతూ, తన తండ్రి చనిపోయినప్పుడు ఎకరం చిల్లర మాగాణి అన్నదమ్ములు పంచుకున్నారని, తనకు ఒక చీర పెట్టారని అన్నది. గదిలో నిశ్శబ్దం. అది డెబ్భై ఏళ్ళ నాటి మాట. ఆడపిల్ల వాటాను దివ్య ఖుర్ఆన్ నిర్ణయించి ఉన్నది, అది ఎవరూ మాఫీ చేయగలిగినది కాదు, ఆమె తప్ప. చనిపోయినవారి లోపాలను ఎత్తి చూపడం మనకు నిషిద్ధం, గీబత్‌తో నోటు పుస్తకం నింపకూడదు. కాని తీరని అప్పు, చెల్లని మహర్, ఇవ్వని వాటా గీబత్ కావు, అమానత్ అవి. ఆ ఇంటివారు ఇప్పుడు లెక్క చూస్తున్నారని విన్నాము. పూర్తిగా తేలుతుందన్న నమ్మకం మాకు లేదు. అయినా అవ్వ బ్రతికి ఉండగా ఆ మాట బయటికి వచ్చింది.

మా మేనత్త దగ్గరకు తిరిగి వద్దాము. ఫోటోలోని టోపీ పిల్లవాని గురించి రెండవసారే అడిగాము. ఆమె వేలితో ఆ బొమ్మను తాకి, "వాడిదా? వాడి కథ పెద్దది. ఈసారి తీరికగా రండి, పొద్దుటే రండి, చెబుతాను" అన్నది. అప్పటికి అసర్ వేళ దాటింది, మేము బస్సుకు లేచాము. మూడవసారి వెళ్ళడం వాయిదా పడుతూ వచ్చింది. మొదట మా అన్న కూతురి పరీక్షలు, తర్వాత ఇంటి మరమ్మత్తు, ఆపైన రంజాన్. పండుగ తర్వాత వెళదామనుకున్నాము.

పండుగకు పది రోజుల ముందు ఆమెకు పక్షవాతం వచ్చింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. కుడి చేయి లేవదు, మాట పోయింది. మేము వెళ్ళి ఫోటో చూపించాము. నాన్నగారిని చూసింది, తనను చూసుకున్నది. టోపీ పిల్లవాని దగ్గర ఆమె కళ్ళు నిలిచాయి. ఎడమ చేతి వేలు అతని మీద పెట్టింది. గుర్తు పట్టింది, అందులో సందేహం లేదు. ఏదో చెప్పాలని పెదవులు కదిపింది. అక్షరాలు వ్రాసిన పలక ఎదుట పెట్టాము గాని ఆమె ఎన్నడూ చదువుకోలేదు.

చిన్నాన్నగారు అప్పుడు మా వెంట ఉన్నారు. తిరుగు దారిలో బస్సులో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఉయ్యూరు దాటిన తర్వాత, ఆ రికార్డింగులు తనకూ ఒక ప్రతి పంపమన్నారు. మొత్తం పంపమన్నారు.

ఇప్పుడు ఆ పిల్లవాని ముఖం మాత్రం పెద్దదిగా చేయించి, గుడివాడలోను, మొవ్వలోను ఉన్న ముసలివారైన బంధువులకు చూపిస్తున్నాము. ఒకాయన, కాలువలో పోయిన పిల్లవాడొకడు ఉండేవాడని విన్నానన్నారు. ఎవరి నుంచి విన్నారని అడిగితే చెప్పలేకపోయారు. ఆ మాటను పెన్సిలుతో వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టాము. మేనత్తకు ఫిజియోథెరపీ చేస్తున్నారు. గత వారం "ఆ" అనే శబ్దం పలికిందని కోడలు ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాము, పొద్దుటే.